కుండీకి క్రోషే తొడుగు: అడుగు సరిపోతోంది, అంచు దగ్గర పట్టడం లేదు

#1 పచ్చతీగ

కుండీ కొలతలు: అడుగు వ్యాసం 10 సెం.మీ., పై అంచు వ్యాసం 13, ఎత్తు 12. కాటన్ దారం, 4 మి.మీ. హుక్, మొత్తం సింగిల్ క్రోషే (పొట్టిగా, దట్టంగా వచ్చే మామూలు కుట్టు). అడుగు చక్రాన్ని 48 కుట్ల దాకా పెంచి, అక్కడ పెంపు (ఒకే కుట్టులో రెండు కుట్లు వేయడం) ఆపి గోడ లేపాను. సగం ఎత్తు దాకా కుండీ హాయిగా దిగుతోంది. ఆ తర్వాత బిగుసుకుంటోంది. లాగి ఎక్కిస్తే పైవరుసల్లో కుట్ల మధ్య సందులు పడి లోపలి ప్లాస్టిక్ కనిపిస్తోంది. అడుగునే 54 కుట్లు చేసి అల్లితే పైన కాస్త నయం, కింద మాత్రం వదులై మడతలు పడుతోంది. పెంపులు ఎక్కడ వేయాలి, ఎన్ని వేయాలి?

#2 కుట్టులెక్క

అడుగు లెక్క సరిగ్గానే ఉందండీ. కుండీ పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంటే మీ గోడ నిటారుగా లేస్తోంది, చిక్కంతా అక్కడే. 54తో మొదలుపెడితే తప్పు కింది నుంచి పైకి మారింది, అంతే.

ముందు మీ చేతి బిగువు తెలియాలి. ఇప్పుడు అల్లిన గోడ మీదే స్కేలు పెట్టి అడ్డంగా 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. దీనికోసం విడిగా చదరపు నమూనా అల్లకండి. అటూ ఇటూ తిప్పి అల్లేటప్పటి బిగువు వేరు, తిప్పకుండా చుట్టూ అల్లేటప్పటి బిగువు వేరు.

10 సెం.మీ.కి 16 కుట్లు, 17 వరుసలు వచ్చాయనుకుందాం. అంటే సెంటీమీటరుకు 1.6 కుట్లు.

అడుగు చుట్టుకొలత 10 × 3.14 = 31.4 సెం.మీ., అంటే 50 కుట్లు. తొడుగు కుండీని పట్టుకుని ఉండాలంటే రెండు మూడు కుట్లు తగ్గాలి కాబట్టి 48.

పై అంచు 13 × 3.14 = 40.8 సెం.మీ., అంటే 65 కుట్లు. అక్కడ 64 వేస్తే చాలు. అంచు దగ్గర ఇంకా తగ్గిస్తే మీరు చెప్పిన సందులు పడతాయి. కాటన్ సాగే దారం కాదు.

ఎత్తు 12 సెం.మీ., అంటే 20 వరుసలు.

48 నుంచి 64కు 16 పెంపులు. ఇవన్నీ ఒకేచోట వేస్తే అక్కడ గోడ మెట్టులా పొడుచుకొస్తుంది. వరుసకు 4 చొప్పున నాలుగుసార్లు వేయండి: 4, 8, 12, 16 వరుసల్లో.

4వ వరుస: (11 సింగిల్, 1 పెంపు) × 4 = 52
8వ వరుస: 6 సింగిల్, పెంపు, (12 సింగిల్, పెంపు) × 3, 6 సింగిల్ = 56
12వ వరుస: (13 సింగిల్, పెంపు) × 4 = 60
16వ వరుస: 7 సింగిల్, పెంపు, (14 సింగిల్, పెంపు) × 3, 7 సింగిల్ = 64

8, 16 వరుసల్ని సగం నుంచి మొదలుపెట్టడం ఎందుకంటే, పెంపులన్నీ ఒకదాని మీద ఒకటి పడితే నాలుగు మూలలు తేలి తొడుగు చదరపు డబ్బాలా కనిపిస్తుంది.

#3 సూదిమొన

కుట్టులెక్క గారి మాటే అడుగు చక్రానికీ వర్తిస్తుంది. ప్రతి రౌండ్‌లో 6 పెంపులు ఒకే వరుసలో పేరుకుంటే చక్రం బదులు ఆరు మూలల పలక వస్తుంది. గుండ్రటి కుండీ కింద ఆ మూలలు బయటికి తోస్తూనే ఉంటాయి. మ్యాజిక్ రింగ్‌లో (కొస లాగితే మూసుకునే దారపు ఉచ్చులో) 6, తర్వాత 12, 18. నాలుగో రౌండ్ ఇలా: 1 సింగిల్, పెంపు, (2 సింగిల్, పెంపు) × 5, 1 సింగిల్ = 24. ఐదోది మామూలుగా (3 సింగిల్, పెంపు) × 6 = 30. ఆరోది 2 సింగిల్, పెంపు, (4 సింగిల్, పెంపు) × 5, 2 సింగిల్ = 36. ఏడోది (5 సింగిల్, పెంపు) × 6 = 42. ఎనిమిదోది 3 సింగిల్, పెంపు, (6 సింగిల్, పెంపు) × 5, 3 సింగిల్ = 48.

అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంటే పెంపులు చాలలేదు, లేదా చెయ్యి బిగుసుకుంది. అంచు అలలు అలలుగా వస్తే పెంపులు ఎక్కువయ్యాయి. రౌండ్ పూర్తయిన ప్రతిసారీ బల్ల మీద పరిచి చూడండి. ఐదో రౌండ్‌లో పోయిన కుట్టు ఎనిమిదో రౌండ్‌లో బయటపడితే మూడు రౌండ్లు విప్పాలి.

గోడ మొదటి వరుసను కుట్టు నెత్తి మీది రెండు పోగుల్లో వెనక పోగులోంచి మాత్రమే అల్లండి. ముందు పోగులు చుట్టూ గీతలా మిగులుతాయి, అడుగు అక్కడే విరిగినట్టు తిరుగుతుంది. రెండు పోగుల్లోంచీ అల్లితే మూల మెత్తగా ఒంపు తిరిగి కుండీ అడుగు సరిగ్గా కూర్చోదు.

ఇంకొకటి. ఇక్కడ మనం సింగిల్ అంటున్నది అమెరికా పేరు. బ్రిటన్ పద్ధతిలో రాసిన నమూనాల్లో ఇదే కుట్టును డబుల్ క్రోషే అంటారు. అది చూసుకోకుండా అమెరికా డబుల్ వేస్తే గోడ రెట్టింపు ఎత్తు లేస్తుంది, కుట్ల మధ్య కళ్లు పడతాయి.

#4 మట్టిచెమ్మ

కొలతలు కుదిరాయి కాబట్టి ఒక ప్రశ్న. కుండీకి అడుగున రంధ్రాలున్నాయా? ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

అడుగుతో సహా మూసేసిన కాటన్ తొడుగులో కుండీ ఉంచి నీళ్లు పోస్తే అడుగు చక్రం ఆ నీటిని పీల్చుకుంటుంది. పైన కుండీ బరువు, కింద బల్ల. గాలి ఆడే దారే లేదు. మొదట వాసన వస్తుంది, ఆ తర్వాత మధ్యలో నల్లటి బూజు చుక్కలు. కింద చెక్క బల్ల ఉంటే దాని మీద కూడా గుండ్రటి మచ్చ.

మూడు దారులున్నాయి. కుండీని తొడుగులోంచి తీసి నీళ్లు పోసి, కారడం పూర్తిగా ఆగాక, అంటే ఓ అరగంట తర్వాత, తిరిగి పెట్టడం. లేదా తొడుగు లోపల కుండీ కింద చిన్న పళ్లెం పెట్టడం. లేదా అడుగే లేని తొడుగు అల్లి, కుండీని మామూలు పళ్లెంలో నిలబెట్టడం. పళ్లెం లోపలే పెట్టేట్టయితే అడుగు వ్యాసం కుండీది కాకుండా పళ్లెం అంచుది తీసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడి, అంతా అల్లాక పళ్లెం పట్టక దాన్ని వదిలేస్తారు.

#5 పచ్చతీగ

రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీయే. తీసి పోయడం కుదురుతుంది. ఇదే కొలతలో మట్టి కుండీ ఒకటి ఉంది, దానికీ ఇలాగే అల్లవచ్చా?

#6 మట్టిచెమ్మ

మట్టి కుండీ సంగతి వేరు. నున్నటి పూత లేని మట్టి గోడలోంచి చెమ్మ బయటికి వచ్చి ఆరిపోతూ ఉంటుంది. వేర్లు కుళ్లకుండా ఉండటానికి సాయపడేది అదే. దట్టమైన తొడుగు ఆ గోడను ఆనుకుని ఉంటే రెండు నష్టాలు: మట్టి ఆలస్యంగా ఆరుతుంది, తొడుగు లోపలి వైపు ఎప్పుడూ తడిగా ఉంటుంది. మట్టి గోడ మీద తెల్లగా పొడిలా పేరుకునే లవణాలు దారానికీ అంటుకుంటాయి. ముదురు రంగు తొడుగైతే తెల్లటి చారలు స్పష్టంగా కనిపిస్తాయి.

కలబంద, జెడ్ లాంటి నీళ్లు తక్కువ కావలసిన మొక్క మట్టి కుండీలో ఉంటే తొడుగు వేయవద్దనే నా సలహా. తప్పదనుకుంటే అడుగు లేకుండా, పై అంచు కింద 4, 5 సెం.మీ. పట్టీలా మాత్రమే అల్లండి. మిగతా గోడకు గాలి ఆడుతుంది, పట్టీ కూడా అందంగానే ఉంటుంది. లోపల మెరుపు పూత ఉన్న పింగాణీ కుండీకి ఈ బెంగ లేదు, దాన్ని ప్లాస్టిక్ కుండీ కిందే లెక్కేయండి.

#7 నూలుపోగు

దారం ఎంపిక కూడా ఈ చెమ్మను బట్టే ఉండాలి.

కాటన్: కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది, ఆకారం నిలుస్తుంది. తడిస్తే తెగదు, నిజానికి తడి నూలు పొడి నూలు కన్నా బలం. కానీ నీళ్లు బాగా పీలుస్తుంది, నెమ్మదిగా ఆరుతుంది.

జనపనార: చూడ్డానికి మొక్క పక్కన ఇంత ఇంపైన దారం ఇంకోటి లేదు. తడి మాత్రం దీనికి శత్రువు. తడిస్తే బలం తగ్గుతుంది, తడి ఆరకపోతే కుళ్లుతుంది, ఎండలో రంగు పసుపుకు తిరుగుతుంది. అల్లేటప్పుడు నూగు రాలుతుంది, వేళ్లు ఒరుసుకుంటాయి. జనపనారతో అల్లితే తీసి నీళ్లు పోసే పద్ధతి తప్పనిసరి.

అక్రిలిక్: నీళ్లు పెద్దగా పీల్చదు, త్వరగా ఆరుతుంది, ఎండకు రంగు నిలుస్తుంది. కిటికీ దగ్గర పెట్టే కుండీకి ఇదే మేలు. కాకపోతే మెత్తన, గోడ తనంతట తాను నిలబడదు. హుక్ సైజు ఒకటి రెండు మెట్లు తగ్గించాలి.

ఊలు: తడి, రాపిడి కలిస్తే ముద్దకట్టి కుంచించుకుపోతుంది. పైగా పురుగు పడుతుంది. కుండీకి వద్దు.

ముదురు రంగు కాటన్ ఏదైనా, అల్లే ముందు తడి తెల్లగుడ్డలో ఒక మూర దారం చుట్టి గట్టిగా పిండండి. గుడ్డకు రంగు అంటితే తెల్ల కుండీ మీదా అంటుతుంది.

ఎంత దారం కావాలో తూకంతో తేల్చవచ్చు. అడుగు వైశాల్యం 5 × 5 × 3.14 = 78 చ.సెం.మీ. గోడ వైశాల్యం సగటు చుట్టుకొలత 36 × ఎత్తు 12 = 432. కలిపితే 510. మీ అల్లికలో 10 × 10 ముక్క 8 గ్రాములు తూగితే 5.1 × 8 = 41 గ్రాములు. ముడులకు, చివరి దారాలకు, విప్పి అల్లడానికి ఇంకో 6 గ్రాములు వేసుకున్నా 50 గ్రాముల ఉండ సరిపోతుంది. బుడిపెల అల్లికైతే ఈ లెక్క చాలదు, రెండో ఉండ దగ్గర పెట్టుకోవాల్సిందే.

#8 ఎడమచేతివాటం

గోడ మీద రెండో రంగుతో నిలువు గీతలు అల్లితే అవి నిలువుగా ఉండక ఎడమవైపు వాలుతున్నాయి. కుట్ల లెక్క ప్రతి వరుసలోనూ సరిగ్గానే ఉంది. నమూనా బొమ్మలో కుడివైపు వాలి కనిపిస్తున్నాయి. కారణం చెయ్యేనా?

#9 సూదిమొన

అవును. సింగిల్ క్రోషే కింది కుట్టు నెత్తిన సరిగ్గా కూర్చోదు, కొంచెం పక్కకు జరిగి కూర్చుంటుంది. తిప్పకుండా ఒకే దిశలో చుట్టూ అల్లితే ఆ జరుగుడు వరుస వరుసకూ పోగవుతుంది. కుడిచేత్తో అల్లితే కుడికి, ఎడమచేత్తో అల్లితే ఎడమకు వాలుతుంది. మీ అల్లికలో తప్పేం లేదు, అద్దంలో ప్రతిబింబం లాంటిదే.

వాలు తగ్గాలంటే హుక్ మీద దారం వేసుకునే తీరు మార్చి చూడండి. కుట్టులోకి హుక్ దూర్చాక దారాన్ని హుక్ పైనుంచి చుట్టకుండా, హుక్‌ను దారం మీదుగా వంచి దారాన్ని కింద పట్టి లాగండి. కుట్టు కాళ్లు అప్పుడు ఇంటూ గుర్తులా పడతాయి. కుట్టు చిన్నదవుతుంది, బిగుస్తుంది, వాలు బాగా తగ్గుతుంది. బిగువు మారింది కాబట్టి 16, 17 లెక్క మళ్లీ తీసుకోవాలి.

వాలు అసలే వద్దంటే కుట్టు నెత్తి మీది పోగుల్లోకి కాకుండా, కింద ఆంగ్ల వి ఆకారంలో కనిపించే రెండు కాళ్ల మధ్యలోకి హుక్ దూర్చి అల్లండి. చూడ్డానికి సూదుల అల్లికలా ఉంటుంది, గోడ గట్టిగా నిలుస్తుంది. చెయ్యి వదులుగా ఉంచకపోతే రెండో వరుసకే హుక్ దూరదు. ఒక సైజు పెద్ద హుక్ తీసుకోండి.

#10 జాజిపందిరి

గోడ మీద బుడిపెలు వేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. చాలా నమూనాల్లో ఉండే బాబుల్ అంటే ఒకే కుట్టులో 5 సగం పూర్తయిన డబుల్ క్రోషేలు వేసి, హుక్ మీది 6 లూపుల్లోంచి దారం ఒకేసారి లాగడం. ఇది అల్లేవారికి ఎదురుగా కాకుండా వెనక్కి ఉబ్బుతుంది. ముందుకీ వెనక్కీ తిప్పి అల్లేటప్పుడు తప్పువైపు (తొడుగుకు లోపలి వైపు) వరుసలో వేస్తారు కాబట్టి సరిపోతుంది. చుట్టూ తిప్పకుండా అల్లేటప్పుడు బుడిపెలన్నీ కుండీ వైపు పోతాయి. ప్రతిదాన్నీ వేలితో బయటికి తోసినా, కుండీ దూర్చగానే కొన్ని లోపలికి వెళ్తాయి.

దానికి బదులు పాప్‌కార్న్ కుట్టు వేయండి. ఒకే కుట్టులో 5 పూర్తి డబుల్ క్రోషేలు వేసి, హుక్ తీసేసి, మొదటి డబుల్ నెత్తిలోకి ముందు నుంచి దూర్చి, వదిలేసిన లూపును పట్టి దాని గుండా లాగి, 1 చైన్‌తో (హుక్ మీది లూపులోంచి దారం ఒకసారి లాగే గొలుసు కుట్టుతో) బిగించండి. ఇది ముందుకే ఉబ్బుతుంది, లోపలికి పోదు. తర్వాతి వరుసలో ఆ బిగింపు చైన్‌ను కుట్టుగా లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే 16 బుడిపెలకు 16 కుట్లు పెరిగి అంచు గంటలా విచ్చుకుంటుంది.

#11 కుట్టులెక్క

జాజిపందిరి గారి బుడిపెలకు స్థలం: 16వ వరుస తర్వాత 64 కుట్లు మారకుండా ఉంటాయి. 17వ వరుసలో ప్రతి 4 కుట్లకు ఒక పాప్‌కార్న్, మొత్తం 16. 18 మామూలు సింగిల్. 19లో రెండు కుట్లు జరిపి మళ్లీ 16. 20 మామూలు. అంచు కింద రెండు వరుసల పూసల్లా కూర్చుంటాయి. పెంపులున్న వరుసల మధ్య వేస్తే 52, 56, 60 అన్నీ నాలుగుతో భాగమవుతాయి కానీ, ఒక్కో మెట్టులో ఒక్కో బుడిపె పెరుగుతూ పోయి ఏటవాలు వరుసలు ఎక్కడో ఒకచోట తెగుతాయి.

#12 దారపుండ

అడుగు 20, అంచు 26, ఎత్తు 24 సెం.మీ. ఉన్న పెద్ద కుండీకి లావు తాడుతో అల్లాలి. 8 మి.మీ. హుక్‌తో 10 సెం.మీ.కి 8 కుట్లు, 8.5 వరుసలు వస్తున్నాయి. లెక్క మొదటి నుంచీ వేయాలా?

#13 కుట్టులెక్క

అక్కర్లేదు. మీ కుండీ ప్రతి కొలతా పచ్చతీగ గారి కుండీకి రెట్టింపు, మీ కుట్టూ రెట్టింపు. కాబట్టి 48 నుంచి 64, 20 వరుసలు, అవే పెంపులు, యథాతథంగా సరిపోతాయి.

అంత లావు తాడు గోడ మాత్రం తన బరువుకే కిందికి జారి మడత పడుతుంది. అంచు దగ్గర ఒక వరుస స్లిప్ స్టిచ్ (ఎత్తు రాకుండా దారాన్ని నేరుగా లాగేసే కుట్టు) వేయండి, అది సాగదు కాబట్టి గోడను పట్టి ఉంచుతుంది. స్లిప్ స్టిచ్ బిగిస్తే అంచు కుంచించుకుపోయి కుండీ దూరదు, అందుకని ఆ ఒక్క వరుసకు పెద్ద హుక్ వాడండి.

#14 సూదిమొన

పచ్చతీగ గారి కుండీ అంచుకు: చాలా ప్లాస్టిక్ కుండీలకు పైన బయటికి మడిచిన పెదవి ఉంటుంది. తొడుగు ఆ పెదవి కిందే ఆగాలా, దాన్ని కప్పాలా అన్నది ముందే తేల్చుకోండి. కిందే ఆగేట్టయితే ఎత్తు కొలిచేటప్పుడు పెదవి వదిలేసి కొలవాలి. కప్పాలంటే వ్యాసం పెదవి బయటి అంచు దగ్గర తీసుకుని, రెండు వరుసలు అదనంగా వేసి, చివరి రెండింటిని అర సైజు చిన్న హుక్‌తో అల్లండి. పెదవి దాటాక తొడుగు కాస్త లోపలికి పట్టి కూర్చుంటుంది.

గోడను సర్పిలంగా అల్లితే చివర్లో ఒక కుట్టంత మెట్టు మిగులుతుంది. ఆఖరి కుట్టు తర్వాత రెండు స్లిప్ స్టిచ్‌లు వేసి దారం తెంచి, సూదితో తర్వాతి కుట్టు రెండు పోగుల కిందా దూర్చి, వెనక్కి వచ్చి ఆఖరి కుట్టు మధ్యలోకి దించండి. అతుకు కనిపించదు.

అడుగున మ్యాజిక్ రింగ్ తోకను (మొదట వదిలిన దారం కొసను) కూడా ఒక్క దిశలో దాచి వదలకండి. కాటన్ నున్నగా ఉంటుంది, కుండీ పెట్టి తీసే కొద్దీ తోక జారి మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది. రింగ్ చుట్టూ రెండుసార్లు తిప్పి, మళ్లీ వ్యతిరేక దిశలో ఒకసారి తిప్పి తెంచండి. 10 సెం.మీ.కి తక్కువ తోక వదిలితే ఈ పని కుదరదు.

#15 జాజిపందిరి

గట్టిదనం కోసం పంచదార పాకం పట్టించే పాత పద్ధతి కుండీకి పనికిరాదు. తడి తగిలితే జిగటవుతుంది, చీమలు పడతాయి. పలచటి జిగురు కూడా నీళ్లకు మెత్తబడి తెల్లగా తేలుతుంది. గట్టిదనం హుక్ సైజులోనే రావాలి. దారం లేబుల్ మీద 5 మి.మీ. అని ఉంటే 4తో అల్లండి.

#16 పచ్చతీగ

అడుగు లేకుండా అల్లాలంటే 48 చైన్ వేసి కలిపి మొదలుపెడితే చాలా? చైన్ అంచు బిగుసుకుని కుండీ ఎక్కడం లేదు.

#17 సూదిమొన

చైన్ ఎప్పుడూ పై కుట్ల కన్నా బిగుతుగా వస్తుంది. ఒకటి రెండు సైజులు పెద్ద హుక్‌తో చైన్ వేసి, కలిపేటప్పుడు మెలిక పడకుండా చూసి, మొదటి వరుస నుంచి 4 మి.మీ.కి మారండి. ఇంకా మంచిది, ముందు విడిగా చైన్ వేయకుండా, చైన్‌నూ సింగిల్‌నూ ఒకేసారి కలిపి వేసే ఫౌండేషన్ సింగిల్ క్రోషే. అది పై వరుసలంతే సాగుతుంది. మొదలైన చోట మిగిలే చిన్న చీలికను తోకతో కుట్టేయవచ్చు.

#18 మట్టిచెమ్మ

వేలాడదీసే ఆలోచన ఎవరికైనా ఉంటే: ఈ 10-13 కుండీలో దాదాపు లీటరుంబావు మట్టి పడుతుంది, తడిస్తే కుండీతో కలిపి కిలోన్నర దాటవచ్చు. తొడుగు పై అంచుకు తాళ్లు కట్టి వేలాడదీస్తే ఆ బరువంతా సింగిల్ క్రోషే గోడ మీద పడి గోడ సాగుతుంది, కుండీ కిందికి దిగిపోతుంది. తాళ్లు అడుగు కింద నుంచి దాటి రావాలి. రెండు పొడుగు తాళ్లను అడుగున అడ్డంగా ఒకదాని మీద ఒకటి దాటించి, గోడ కుట్లలోంచి పైకి తీసుకొచ్చి నాలుగు కొసలూ పైన ముడేస్తే, బరువు తాళ్లది, అందం తొడుగుది. ఆ తాళ్లు చైన్ కుట్టుతో అల్లినవి కాకూడదు, అవి సాగుతూనే ఉంటాయి. పేనిన తాడు వాడండి.

మొక్కకు పిండినల్లి పట్టినట్టు కనిపిస్తే తొడుగు కూడా తీసి చూడండి. కుండీ పెదవి కింద, తొడుగు మడతల్లో తెల్లటి దూది ముద్దల్లా దాక్కుంటుంది. మొక్కకు మందు కొట్టి తొడుగు అలాగే ఉంచితే మళ్లీ వస్తుంది. కాటన్ అయితే వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి ఉతికి, ఖాళీ కుండీని బోర్లించి దాని మీద తొడిగి ఆరబెట్టండి. తీగ మీద ఆరేస్తే తడి బరువుకు ఒకవైపు సాగుతుంది.

#19 పచ్చతీగ

విప్పి మళ్లీ అల్లాను. చేతి బిగువు 10 సెం.మీ.కి 16 కుట్లు, 17 వరుసలే వచ్చింది. 12వ వరుస దాకా పెట్టి చూస్తే ఎక్కడా సందు లేదు, మడత లేదు. పెదవి కప్పాలనుకుంటున్నాను. దాని బయటి వ్యాసం 13.6. అంటే 42.7 సెం.మీ., 68 కుట్లు. ఇంకో నాలుగు పెంపులు 19వ వరుసలో వేస్తే పైకి విచ్చుకుంటుందా?

#20 కుట్టులెక్క

వేయకండి, 64తోనే వెళ్లండి. పెదవి ఎత్తు సెంటీమీటరో, సెంటీమీటరున్నరో ఉంటుంది, అంటే రెండు మూడు వరుసలు. అంత కొద్ది దూరంలో నాలుగు కుట్ల తేడాను అల్లిక సాగి భరిస్తుంది, ఆ సాగుడే పెదవిని పట్టి ఉంచుతుంది. 68 చేస్తే పెదవి మీద వదులై, కుండీ తీసి పెట్టినప్పుడల్లా కిందికి జారుతుంది. ఆఖరి వరుస స్లిప్ స్టిచ్ మాత్రం వద్దు, మీ కుండీని తొడుగులోంచి తీయలేరు. మామూలు సింగిల్‌తోనే ముగించండి.